ఒకే పాత్రలో 59 ఏళ్లు: నార్మన్ పెయింటింగ్‌ది నటనా, ఉద్యోగమా?

గోదారి_గట్టు
మా వాట్సాప్ గ్రూపులో నార్మన్ పెయింటింగ్ గురించి నాలుగు ముక్కలు రాస్తే ఒకాయన "కాగితం చూసి చదివేవాణ్ణి నటుడంటారా, అదీ జన్మంతా ఒకే వేషం" అని తీసిపారేశాడు. ఒళ్లు మండింది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఇంగ్లండ్‌లో బీబీసీ రేడియోలో 'ది ఆర్చర్స్' అనే ధారావాహిక ఉంది. 1950లో మిడ్‌లాండ్స్ ప్రాంతం వరకు ప్రయోగంగా ఒక వారం వేశారు, 1951 జనవరి 1 నుంచి దేశమంతా వినిపించారు, ఇప్పటికీ నడుస్తోంది. ఆంబ్రిడ్జ్ అనే కల్పిత పల్లె, అందులో ఆర్చర్లనే రైతు కుటుంబం. ఆ ఇంటి కొడుకు ఫిల్ పాత్రకి పెయింటింగ్ ప్రయోగపు వారం నుంచే గొంతు ఇచ్చాడు, 2009 అక్టోబర్ 29న చనిపోయేదాకా ఇస్తూనే ఉన్నాడు. 26 ఏళ్ల కుర్రాడిగా మొదలుపెట్టి 85 ఏళ్ల తాతగా ఆపాడు. గిన్నిస్ రికార్డుల్లోకి కూడా ఎక్కాడు.

అడిగేదేంటంటే, ఇలాంటి జీవితాన్ని మనం ఎలా చూడాలి? మొదట్లోనే మంచి వేషం దొరికి హాయిగా స్థిరపడిపోయాడా, లేక ప్రతి రోజూ పరీక్షేనా? అక్కడుండి వినేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

నల్లగొండ_నరేష్
59 ఏళ్లా? మా నాన్న గవర్నమెంటు ఉద్యోగంలో కూడా అంత సర్వీసు లేదన్నా.

బర్మింగ్‌హామ్_బాబాయ్
ఇది మా ఊళ్లోనే రికార్డు చేస్తారు. 2004 దాకా పెబుల్ మిల్ స్టూడియోలో, ఆ తర్వాత మెయిల్‌బాక్స్ భవనంలో. స్థిరపడిపోయాడా అని అడిగావు కదా గోదారీ, అక్కడే చాలామంది పొరబడతారు. ఆ నటులెవరూ బీబీసీ ఉద్యోగులు కారు, అందరూ ఫ్రీలాన్సర్లే. ఎన్ని ఎపిసోడ్లలో గొంతు వినిపిస్తే అన్నిటికే డబ్బు. ఎపిసోడు నిడివి పదమూడు నిమిషాలు, అందులో ఇమిడేది కొద్దిమంది పాత్రలే, ఊళ్లో పాత్రలేమో డజన్ల కొద్దీ. ఈ నెల కథలో నీ పాత్రకి పని లేకపోతే నీకూ పని లేదు. ఏడాది తర్వాత నువ్వుంటావో లేదో ఎవరూ హామీ ఇవ్వరు. చాలామంది నాటకాలు, ఆడియో పుస్తకాలు, ప్రకటనలకి వాయిస్ చెప్పడం లాంటివి పక్కన పెట్టుకునే బతుకుతారు. పెయింటింగ్‌కి 59 ఏళ్లు అయ్యాయని ఇప్పుడు వెనక్కి చూసి లెక్క చెప్తున్నాం గానీ, ఆయనకి మాత్రం ఎప్పుడూ వచ్చే స్క్రిప్టు వరకే గ్యారంటీ.

నల్లగొండ_నరేష్
అంటే రోజు కూలీ అన్నమాట.

డబ్బింగ్_దివ్య
నేను హైదరాబాద్‌లో టీవీ సీరియల్స్‌కి డబ్బింగ్ చెప్తాను, బాబాయ్ గారు చెప్పింది చదువుతుంటే మా సంగతే అనిపించింది. ఒక సీరియల్లో చాలా ఏళ్లు ఒక అత్తగారి పాత్రకి చెప్పాను. ఒక సాయంత్రం టీవీ పెడితే ఆవిడ నోట్లోంచి ఇంకెవరి గొంతో వస్తోంది. నాకు ఒక్క ఫోన్ కూడా చెయ్యలేదు. అడిగితే "రేటు కుదరలేదు, కొత్తమ్మాయిని పెట్టుకున్నాం మేడమ్" అన్నారు. రేటు గురించి నన్ను అడిగింది ఎవరు అసలు?

ఇక "కాగితం చూసి చదవడం" అన్న పెద్దమనిషికి: డబ్బింగ్‌లో కనీసం ఎదురుగా తెర ఉంటుంది, ఆ నటి కళ్లు, చేతులు సగం పని చేసిపెడతాయి. రేడియోలో అవేవీ లేవు. సైకిల్ దిగి రొప్పుతూ వచ్చావా, నిద్రలేచి వచ్చావా, అబద్ధం చెప్తున్నావా, అన్నీ ఆ ఊపిరిలోనే తెలియాలి. ఒక్కసారి చేసి చూడమనండి.

రేడియో_రామం
దివ్య గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఒకప్పుడు ఆకాశవాణి విజయవాడ స్టేషన్‌లో డ్రామా ఆర్టిస్టుని, వాళ్లు నటులకిచ్చే గ్రేడుల్లో బి-హై. కొత్తగా వచ్చినవాళ్లకి మొదట నేర్పేది డైలాగు కాదు, పేజీ తిప్పడం. స్క్రిప్టుకి ఉన్న పిన్ను తీసేసి కాగితాలు విడివిడిగా పట్టుకుంటాం. చదవడం అయిపోయిన కాగితాన్ని కిందికి జార్చి వెనక్కి పంపాలి, ఆ సమయంలో కళ్లు పై కాగితం మీద, చెవులు ఎదుటివాళ్ల మాట మీద, కాళ్లు మైకుకి ఎంత దూరమన్న లెక్క మీద. కోపంగా అరవాలంటే ఒక అడుగు వెనక్కి, గుసగుసకి పెదవి మైకుకి ఆనేంత దగ్గరికి. గదిలోకి వస్తున్నట్టు వినపడాలంటే పక్కనుంచి నడుచుకుంటూ వస్తూ మాట్లాడాలి, అప్పుడు కూడా చెప్పు చప్పుడు కాకూడదు.

ఆర్చర్స్ వాళ్ల స్టూడియోలో పొలం సీన్లకి ప్రతిధ్వని ఏమాత్రం లేని ప్రత్యేకమైన గది ఉంటుంది, ఆరుబయట మాట్లాడినట్టు వినపడటానికి. గేటు చప్పుడుకి ఇస్త్రీ బల్ల వాడతారు, దాన్ని కిర్రుమని తెరిస్తే పల్లెటూరి గేటు. గడ్డిలో నడిచే చప్పుడుకి పాత రికార్డింగ్ టేపు కుప్ప పోసి తొక్కుతారు. గొర్రె ఈనే సీను ఉంటే తడి తువ్వాలు, చేతినిండా పెరుగు. అవతల ఒకాయన పెరుగు పిసుకుతుంటే ఇవతల నటుడు గొర్రెపిల్ల ప్రాణం కోసం ఆరాటపడుతూ మాట్లాడాలి. దాన్ని చదవడం అంటారా?

నల్లగొండ_నరేష్
పెరుగు సంగతి తెలిశాక ఇక ఆ సీను వింటే నవ్వొస్తుంది రామం గారూ.

లెస్టర్_లక్ష్మి
నవ్వు రాదు నరేష్. నేను వంట చేస్తూ వింటాను, నిజంగా పురుడు పోస్తున్నట్టే ఉంటుంది.

గోదారి_గట్టు
రామం గారూ, ఇది మొదట్లో రైతులకి సలహాలివ్వడానికి పెట్టిన కార్యక్రమం అని ఎక్కడో విన్నాను, నిజమేనా?

రేడియో_రామం
నిజమే. యుద్ధం అయ్యాక కూడా బ్రిటన్‌లో తిండికి రేషన్ ఉండేది, అది పూర్తిగా పోయింది 1954లో. పంట పెంచాలి, కొత్త పద్ధతులు రైతుల చెవిన పడాలి. ఉపన్యాసం ఇస్తే ఎవరు వింటారు? గాడ్‌ఫ్రీ బేస్‌లీ అనే బీబీసీ నిర్మాత వ్యవసాయ మంత్రిత్వ శాఖ సాయంతో సలహాలన్నీ కథలో కలిపాడు. మన పాడిపంటల కార్యక్రమం వినేవాళ్లకి ఈ ఆలోచన వెంటనే అర్థమవుతుంది.

నటుడి వైపు నుంచి చూస్తే ఇది ఇంకో బరువు. ఎరువు మోతాదు, దూడల జబ్బు, ఇవన్నీ పెళ్లి గొడవ మధ్యలో సహజంగా చెప్పాలి. పెయింటింగ్ రైతేమీ కాడు. లెమింగ్టన్ స్పాలో పుట్టాడు, బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో, ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్నాడు, చదివింది ప్రాచీన ఆంగ్లం. ఆ మనిషి మాట్లాడితే జనం నిజమైన రైతే అనుకున్నారు.

కృష్ణాతీరం
అందరూ ఆయన్ని తెగ పొగుడుతున్నారు, నాకో సందేహం. ఆయన నటుడు మాత్రమే కాదు కదా, బ్రూనో మిల్నా అనే మారుపేరుతో అదే సీరియల్‌కి 1200 దాకా ఎపిసోడ్లు రాశాడు. కలం నీ చేతిలో ఉంటే నీ పాత్రని ఎవడు చంపుతాడు? బాబాయ్ గారు చెప్పిన భయం మిగతావాళ్లకి ఉండొచ్చు, ఈయనకి లేదు.

బర్మింగ్‌హామ్_బాబాయ్
అంత సులువు కాదయ్యా. కథ ఎటు వెళ్లాలో తేలేది ఎడిటర్ దగ్గర, అంటే సీరియల్ మొత్తానికి పెద్ద దగ్గర, రచయితలందరూ కూర్చున్న సమావేశంలో. ఒక్క రచయిత తన ఇష్టానికి ఎవరినీ చంపలేడు, బతికించలేడు. పైగా ఆయన రాయడం మొదలుపెట్టింది 1960ల్లో, అప్పటికే పదిహేనేళ్లుగా నటిస్తున్నాడు. రాయడం మానేశాక కూడా పాతికేళ్లకు పైగా ఆ పాత్రలో ఉన్నాడు. కలం కాపాడింది అనుకుంటే ఆ ఏళ్లని ఎవరు కాపాడినట్టు?

కృష్ణాతీరం
ఆ సమావేశంలో కూర్చునే అవకాశం మిగతా నటులకి లేదుగా. నేనన్నది అదే.

లెస్టర్_లక్ష్మి
కృష్ణాతీరం గారి మాటలో కొంత నిజం ఉంది, దానికి ఫిల్ మొదటి భార్య గ్రేస్ కథే సాక్ష్యం. 1955 సెప్టెంబర్ 22న బ్రిటన్‌లో మొట్టమొదటి ప్రైవేట్ టీవీ ఛానెల్ ఐటీవీ మొదలైంది. సరిగ్గా అదే రాత్రి ఆర్చర్స్‌లో గుర్రపుశాల తగలబడింది, గుర్రాన్ని కాపాడబోయి గ్రేస్ చనిపోయింది. పెళ్లయి ఆరు నెలలు కూడా కాలేదు. జనం బీబీసీకి ఫోన్ల మీద ఫోన్లు, నిజం మనిషి పోయినట్టు పూలు కూడా పంపారట. మర్నాడు పేపర్లలో ఐటీవీ కంటే గ్రేస్ గురించే మాట్లాడుకున్నారు.

గ్రేస్ గొంతు ఇసాన్ చర్చ్‌మన్‌ది. టీవీని దెబ్బకొట్టడానికే చంపారని అప్పట్లో అందరూ అనుకున్నారు. ఆవిడ తోటి నటుల్ని యూనియన్‌లో చేరమని ప్రోత్సహించడం బేస్‌లీకి నచ్చలేదని, అసలు కారణం అదేనని తర్వాత బయటపడింది. ఒకే ఇంటి కథలో భర్త పాత్రధారి 59 ఏళ్లు ఉన్నాడు, భార్య పాత్రధారిని హక్కులు అడిగినందుకు మంటల్లోకి తోశారు. పెయింటింగ్ మంచి నటుడు కాదని నేననడం లేదు. అంతకాలం నిలబడటంలో నటన ఎంతో, పైవాళ్లకి తలనొప్పి కాకపోవడం కూడా అంతే అంటున్నాను.

డబ్బింగ్_దివ్య
లక్ష్మక్కా, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా దగ్గర కూడా రేటు పెంచమని నలుగురిని కూడగట్టే మనిషికే ముందు పని తగ్గుతుంది. తర్వాత ఆవిడ ఏమైంది?

లెస్టర్_లక్ష్మి
గట్టి మనిషి. గొంతుతోనే బతికింది. టీవీలో 'డాక్టర్ హూ'లో ఆల్ఫా సెంటారీ అనే గ్రహాంతర జీవికి 70ల్లో గొంతు ఇచ్చింది, మళ్లీ 2017లో 90 దాటాక అదే పాత్రకి తిరిగి వచ్చి చెప్పింది. ఆర్చర్స్‌లోకీ కొన్నేళ్ల తర్వాత వేరే పాత్రలో వచ్చింది.

నల్లగొండ_నరేష్
చంపినోళ్ల ఇంటికే వేరే పేరుతో వచ్చింది! ఇది కదా దమ్ము అంటే.

రేడియో_రామం
ఇంతకంటే బాధ కలిగించేది ఎలిస్ పవెల్ సంగతి. ఆర్చర్స్ కంటే ముందు, 1948లో 'మిసెస్ డేల్స్ డైరీ' అని ఒక డాక్టర్ భార్య కథ మొదలైంది, 1969 దాకా నడిచింది. మిసెస్ డేల్ అంటే ఎలిస్ పవెల్ గొంతే. 15 ఏళ్లు చేసిన తర్వాత 1963లో ఆవిణ్ణి తీసేసి, ఒకప్పటి సినిమా తార జెస్సీ మాథ్యూస్‌ని పెట్టారు. పాత్ర బతికే ఉంది, పేరు అదే, ఇల్లు అదే, గొంతు మాత్రం మారింది. పవెల్ కొద్ది నెలలకే చనిపోయింది. ముఖం జనానికి తెలియదు కాబట్టి రోడ్డు మీద ఎవరూ గుర్తుపట్టరు, గొంతు తెలుసు గానీ ఆ గొంతుకి ఇక పని లేదు. రేడియో నటులకి ఇంతకంటే పెద్ద శిక్ష ఉండదు.

గోదారి_గట్టు
ఇది నాకు అస్సలు తెలియదు. మనసు పాడైంది.

బర్మింగ్‌హామ్_బాబాయ్
ఇటీవలి ముచ్చట కూడా ఉంది. 2011 జనవరిలో, సీరియల్‌కి 60 ఏళ్లు నిండిన సందర్భంగా, నైజెల్ పార్జెటర్ అనే పాత్రని ఇంటి కప్పు మీంచి పడేసి చంపారు. ఆ నటుడు గ్రాహమ్ సీడ్, 80ల నుంచి ఉన్నవాడు. కథ కోసం ఎడిటర్ తీసుకున్న నిర్ణయం, అంతే. శ్రోతలు ఏళ్ల తరబడి తిట్టుకున్నారు. కొత్త ఏడాది రెండో రోజున జీతం పోయిందని ఎవరూ రాయలేదు, నైజెల్ పోయాడనే రాశారు.

కృష్ణాతీరం
పోనీ సొంతంగా మానేసిన వాళ్లు లేరా? అందరినీ తోసేయడమేనా?

లెస్టర్_లక్ష్మి
ఉన్నారు. జూన్ స్పెన్సర్. 1950 ప్రయోగం నుంచీ పెగ్గీ పాత్ర ఆవిడదే. పిల్లల కోసం 1953లో మానేసింది, తర్వాత తిరిగి వచ్చి అదే పాత్రలో కూర్చుంది. మధ్యలో ఆ విరామం ఉంది కాబట్టే ఎడతెగని రికార్డు పెయింటింగ్‌కి వచ్చింది. ఆవిడ రిటైరైంది 2022లో, 103 ఏళ్ల వయసులో. 2024లో 105 ఏళ్ల వయసులో పోయింది.

ఆవిడ గురించి ఒక్కటి చెప్తాను. కథలో పెగ్గీ భర్త జాక్‌కి అల్జైమర్స్ వస్తుంది, భార్యనే గుర్తుపట్టలేని స్థితికి నెమ్మదిగా, ఏళ్లపాటు జారిపోతాడు. నిజ జీవితంలోనూ స్పెన్సర్ భర్తకి అదే జబ్బు వచ్చింది. ఇంట్లో పడిందంతా స్టూడియోలో మళ్లీ పలికింది. జాక్ పాత్ర వేసిన ఆర్నల్డ్ పీటర్స్‌కి కూడా చివరికి అదే జబ్బు. మా అత్తగారికి మతిమరుపు మొదలైనప్పుడు, అడిగిందే అడుగుతుంటే విసుక్కోకుండా ఎలా జవాబు చెప్పాలో నాకు ఎవరూ చెప్పలేదు. పెగ్గీ గొంతులో ఆ ఓపిక విని నేర్చుకున్నాను.

డబ్బింగ్_దివ్య
❤️

నల్లగొండ_నరేష్
ఇంత బరువు వద్దుగానీ, తమాషా సంగతులేమైనా ఉన్నాయా వాళ్లవి?

బర్మింగ్‌హామ్_బాబాయ్
ఎందుకు లేవు. ఫిల్ కొడుకు డేవిడ్‌గా 1982 నుంచి చేస్తున్న టిమ్ బెంటింక్ నిజంగా ఎర్ల్ ఆఫ్ పోర్ట్‌లండ్, అంటే వంశపారంపర్య బిరుదున్న ప్రభువు. లండన్ మెట్రోలో పికడిల్లీ లైనులో "మైండ్ ద గ్యాప్" అని చాలా ఏళ్లు వినిపించింది ఆయన గొంతే. చార్ల్స్ కాలింగ్‌వుడ్ 1975 నుంచి బ్రయన్ ఆల్‌డ్రిడ్జ్, ఊళ్లో డబ్బున్న రైతు, పరాయి ఆడవాళ్ల విషయంలో బలహీనుడు. ఆయన అసలు భార్య జూడీ బెనెట్ అదే సీరియల్లో చాలా ఏళ్లు ఫిల్ కూతురు షులాగా చేసింది. కథలో వీళ్లిద్దరూ ఒక ఊరివాళ్లు, అంతే.

నల్లగొండ_నరేష్
దొరగారు గొర్రెలు కాస్తున్నారన్నమాట, అదీ ఎపిసోడుకింత అని.

గోదారి_గట్టు
మనవాళ్ల పాత్రలు ఏమైనా ఉన్నాయా లక్ష్మి గారూ?

లెస్టర్_లక్ష్మి
ఉషా గుప్తా అని లాయరు ఉంది. 90ల్లోనే వచ్చింది, మొదట సుధా భుచ్చర్, ఆ తర్వాత సువాద్ ఫారెస్. ఆమె మీద జాత్యహంకార దాడుల కథ నడిపారు, 2008లో ఊరి చర్చి ఫాదర్‌తో పెళ్లి చేశారు, రెండువైపులా ఇళ్లల్లో పేచీలు. నాకు నచ్చేదేంటంటే ఉష పండగలప్పుడు మాత్రమే కనపడే పాత్ర కాదు, ఊళ్లో ఆస్తి తగాదాలన్నీ ఆవిడ దగ్గరికే వస్తాయి.

ఇంకోటి, హెలెన్ కథ. రాబ్ అనే భర్త ఆమె బట్టల దగ్గర్నుంచి స్నేహితుల దాకా ఒక్కొక్కటీ లాక్కుంటూ ఊపిరాడకుండా చేస్తాడు. రెండేళ్లకు పైగా నడిపారు, 2016 ఏప్రిల్‌లో ఆమె అతన్ని కత్తితో పొడిచింది. అలాంటి వేధింపుని నేరం చేసిన చట్టం అమల్లోకి వచ్చి అప్పటికి కొద్ది నెలలే. ఒక శ్రోత మొదలుపెట్టిన విరాళాల్లో బాధిత మహిళల సంస్థకి లక్ష పౌండ్లు దాటి వచ్చాయి. హెలెన్‌గా లూయిజా పాటికాస్, రాబ్‌గా టిమోతీ వాట్సన్. ఆ గొంతులో అరుపే ఉండదు. "నీ మంచికే కదా" అనే మెత్తదనం, అదే వణికించింది. మా ఆఫీసులో ఒకమ్మాయి అది విని, "మా ఆయన కూడా అచ్చం ఇలాగే మాట్లాడతాడు" అంది. ఆ తర్వాతే సాయం అడగడానికి వెళ్లింది.

కృష్ణాతీరం
సరే, ఇది నటనే, వాదించను. ఆఖరి ప్రశ్న. పెయింటింగ్ పోయాక ఫిల్‌ని ఏం చేశారు? ఇంకొకర్ని పెట్టారా?

రేడియో_రామం
పెట్టలేదు. చనిపోవడానికి రెండు రోజుల ముందు కూడా రికార్డింగ్‌కి వచ్చాడాయన. ఎపిసోడ్లు కొన్ని వారాల ముందే రికార్డు చేస్తారు కాబట్టి ఆ గొంతు 2009 నవంబర్ 22న ఆఖరిసారి వినిపించింది, మనిషి పోయిన మూడు వారాల తర్వాత. ఆ పైన కొంతకాలం ఫిల్ గురించి మిగతావాళ్లు మాట్లాడుకోవడమే. 2010 ఫిబ్రవరిలో, కుర్చీలో కూర్చున్నట్టే కన్నుమూసి ఉంటే భార్య జిల్ చూస్తుంది. జిల్ పాత్రధారి పట్రీషియా గ్రీన్ చేరింది 1957లో. 50 ఏళ్లు పక్క మైకు దగ్గర నిలబడ్డ మనిషి పోయిన దుఃఖం అది, ఆవిడ విడిగా తెచ్చిపెట్టుకోవాల్సిన అవసరం ఏముంటుంది.

కృష్ణాతీరం
కానీ ఫిల్ తండ్రి డాన్ పాత్రకి నలుగురు నటులు మారారు కదా. హ్యారీ ఓక్స్ నుంచి ఫ్రాంక్ మిడిల్‌మాస్ దాకా. అప్పుడు తప్పులేనిది ఇప్పుడెందుకు? పాత్ర ఊరిది, నటుడిది కాదు. నేనైతే మార్చేవాణ్ణి.

బర్మింగ్‌హామ్_బాబాయ్
డాన్‌ని మొదటిసారి మార్చినప్పుడు సీరియల్ వయసు చిన్నది, ఇంటి పెద్ద లేకపోతే కథ ఆగిపోతుంది. 2009కి ఫిల్ పొలం పనులు కొడుక్కి అప్పగించి చాలాకాలమైంది. జో గ్రండీ అనే ఇంకో పాత్ర చేసిన ఎడ్వర్డ్ కెల్సీ 2019లో పోయినప్పుడు కూడా మార్చలేదు, కొన్ని నెలల తర్వాత కథలో జోని కూడా సాగనంపారు.

నల్లగొండ_నరేష్
ఇప్పుడైతే ఏఐతో అదే గొంతు పుట్టించేస్తారుగా. 59 ఏళ్ల రికార్డింగులు ఉన్నాయి, ఫిల్ ఇంకో వందేళ్లు బతుకుతాడు.

డబ్బింగ్_దివ్య
దయచేసి ఆ మాట అనకు నరేష్. మా ఫీల్డులో ఇప్పుడు అగ్రిమెంట్లలో ఆ లైను దూర్చడం మొదలైంది, "ఈ గొంతుని ఏ సాంకేతిక పద్ధతిలోనైనా వాడుకోవచ్చు" అని. చదవకుండా సంతకం పెట్టినవాళ్లు ఉన్నారు. ఆయన పాత డైలాగులు అతికిస్తే ఫిల్ శబ్దం వస్తుంది. కానీ జిల్ ఆ రోజు కొంచెం నీరసంగా మాట్లాడితే, అది విని తన మాటని తగ్గించి పలికేవాడు ఎవరు? కృష్ణాతీరం గారూ, మీరు అన్నట్టు ఇంకో నటుణ్ణి పెట్టినా నాకు అభ్యంతరం లేదు. అతనికి ఎపిసోడుకింత అని డబ్బు వస్తుంది, ఎదుటి మనిషిని వింటాడు.

కృష్ణాతీరం
ఆ మాటకి ఒప్పుకుంటాను. సంతకం పెట్టేముందు ఆ లైను కొట్టేయమని అడగొచ్చా, లేక అడిగితే పని పోతుందా?

డబ్బింగ్_దివ్య
నేను కొట్టేసే ఇచ్చాను. ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకరు ఇంకా ఫోన్ చెయ్యలేదు.